పలికినవాళ్ళు

బాల్టిమోర్, కోర్టు గది నంబరు నాలుగు.
నా పని వినడం కాదు,
విన్నది వేళ్ళలోంచి పోనివ్వడం.
ఇరవై రెండేళ్ళుగా ఈ చిన్న యంత్రం మీద
నిజాన్నీ అబద్ధాన్నీ ఒకే వేగంతో కొడుతున్నాను.
దగ్గుకి మీట లేదు. మౌనానికి అసలే లేదు.

ముద్దాయి బల్ల దగ్గర క్వింటన్, పందొమ్మిదేళ్ళవాడు.
ఎవరి కోటో అరువు తెచ్చుకున్నాడు, చేతులు పొడుగు.
నలభై డాలర్లూ ఒక ఫోనూ లాక్కున్నాడని కేసు.
"పన్నెండు గుమ్మాల వరసలో ఆ గుమ్మమే ఎలా తట్టారు?"
అడిగింది లాయరు టాలివర్.
"నమ్మదగిన సమాచారం," అన్నాడు డిటెక్టివ్ ప్రుయిట్.
"ఇచ్చిందెవరు?"
"చెప్పే అనుమతి లేదు."
"మనిషేనా?"
నీళ్ళ గ్లాసు ఎత్తాడు, తాగకుండానే దించాడు.
జడ్జి ఓస్టర్ కళ్ళజోడు తీసింది.
అప్పుడు ఊడొచ్చింది, పిప్పిపన్ను పీకినట్టు, ముక్కలుగా:

బూడిదరంగు వ్యాను.
అందులో సూట్‌కేసంత పెట్టె.
నేనే టవర్‌నని అది అబద్ధమాడుతుంది,
అసలు టవర్ కంటే గట్టిగా.
చుట్టూ ఉన్న ప్రతి ఫోనూ, జేబులోదీ, దిండు కిందదీ,
ఉలిక్కిపడి లేచి
తన పదిహేనంకెల పేరు ఒప్పజెబుతుంది.
గోడ అడ్డం కాదు. నిద్ర అడ్డం కాదు.
కావలసిన పేరు దొరికేదాకా
వ్యాను మెల్లగా వీధులు తిరుగుతుంది.

మా అమ్మమ్మ కరోలైనా పల్లెల మనిషి.
చీకట్లో ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే
ఎంత తెలిసిన గొంతైనా సరే
మొదటి పిలుపుకి పలకొద్దనేది.
దయ్యం ఒక్కసారే పిలుస్తుందట,
మనిషైతే మళ్ళీ పిలుస్తాడట.
అందుకే మా గుమ్మానికి నీలం రంగు.
ఫోన్లకి అమ్మమ్మలు లేరు.

"ఏ వీధి?"
"కోల్డర్ వీధి." కొట్టాను.
"ఏ రోజు?"
"నవంబరు తొమ్మిది." కొట్టాను.
"ఎన్నింటికి?"
"తెల్లవారుజామున. రెండూ పదికీ రెండున్నరకీ మధ్య."
ఇక్కడ నా వేళ్ళు ఒక్క అక్షరం వెనకబడ్డాయి.
ఎవరూ చూడలేదు.

కోల్డర్ వీధి, పదిహేడో నంబరు, మేడ మీద గది, నాది.
ఆ రాత్రి రెండూ పదకొండుకి
నార్ఫోక్ ఆసుపత్రి నుంచి మా తమ్ముడు అల్విన్.
ఆక్సిజన్ గొట్టం పక్కకి జరుపుకుని మాట్లాడుతున్నాడు.
"లొరెట్టా, నీకో మాట, ఆ నీలం డబ్బాలో" అన్నాడు.
తెగిపోయింది.
మళ్ళీ చేశాను, మళ్ళీ చేశాను.
సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి, గొంతు లేదు.
మూడింటికి కలిసింది. ఎత్తింది నర్సు.

పద్నాలుగు నెలలు ఫోను కంపెనీని తిట్టాను.
ఇల్లంతా గాలిస్తే నీలం డబ్బాలు మూడు దొరికాయి.
ఒకదాంట్లో బొత్తాలు.
రెండిట్లో ఏమీ లేదు.

"ఆ పెట్టె నడిచేటప్పుడు మిగతావాళ్ళ కాల్స్ ఏమవుతాయి?"
"కొన్ని... ఆగిపోవచ్చు."
ఆ చుక్కలు నేను పెట్టినవి. పెట్టకూడదు, రూలు ఒప్పుకోదు.

అభ్యంతరమంటూ లేచాడు ప్రభుత్వ లాయరు.
ఏది ముందన్నారో ఏది వెనకన్నారో అందరికీ తికమక.
జడ్జి నావైపు తిరిగింది:
"వ్యాను దగ్గర్నుంచి చదవండి."
ఏడాదికి రెండు మూడుసార్లు
ఈ గదిలో నా గొంతు వినిపిస్తుంది,
అదీ ఎవరి మాటో మోస్తూ.
కాగితం మడత విప్పాను.

"ప్రశ్న: ఆ రాత్రి ఎన్ని ఫోన్లు పలికాయి?
జవాబు: లెక్కపెట్టలేదు. మాకు కావలసింది ఒక్కటే."

వెనక బెంచీలో ఎవరో వినపడలేదన్నారు.
మళ్ళీ చదివాను,
గట్టిగా.